పులి దుప్పట్ల మాటున ఎండ

మీరు పెంచలయ్యను కలవాల్సిందే. ఇందులో రెండో మాట లేదు. శుక్రవారం పొద్దున కువైట్‌లోని ఫర్వానియాలో బస్సు దిగి, కడపవాళ్ల టీ కొట్టు ఎక్కడని ఎవరిని అడిగినా చూపిస్తారు. కొట్టు ముందు నీడలో ఒక కుర్చీ, కుర్చీలో తెల్ల మీసాలు, ఆ మీసాల వెనక పెంచలయ్య. ముందు మీ ఊరు అడుగుతాడు, తర్వాత మీ ఇంటిపేరు అడుగుతాడు, ఆ తర్వాత మీకు వద్దన్నా టీ తాగిస్తాడు. ఇవన్నీ అయ్యాక గానీ కథ మొదలుకాదు. కానీ ఒకసారి మొదలైతే టీ చల్లారిపోయిన సంగతి కూడా మీకు తెలియదు.

నాకు ఆ కథ దొరికింది మాత్రం ఒక వాదన వల్ల. ముందు రోజు బీచ్‌లో తెల్లవాళ్లు ఒళ్లంతా ఏదో పూసుకుని, అప్పడాల్లా అటూ ఇటూ తిరుగుతూ ఎండలో పడుకోవడం చూసి వచ్చాను. అంత ఎండ తగిలితే చర్మానికి కేన్సర్ వస్తుందని డాక్టర్లు మొత్తుకుంటున్నారు, అది వాళ్లకూ తెలుసు, అయినా ఎందుకు పడుకుంటారు అని నా స్నేహితులతో గట్టిగా మాట్లాడుతున్నాను. పక్క కుర్చీలోంచి ఒక గొంతు వచ్చింది.

"నేను ఒకాయన్ను అట్ల పండుకోబెట్టినా. మిలిటరీవాళ్లు తుపాకులు పట్టుకోని కింద నిలబడిండంగా."

ఇక నేను కదులుతానా?

పెంచలయ్యది నందలూరు దగ్గర పల్లె. ఇరాక్ సైన్యం కువైట్ మీద పడిన 1990లో ఆయన సల్వాలో ఒక బిల్డింగుకు హారిస్. హారిస్ అంటే కాపలా కాసేది, మెట్లు ఊడ్చేది, అద్దెకున్నవాళ్ల కార్లు కడిగేది, మిద్దె మీద నీళ్ల ట్యాంకు చూసుకునేది, అన్నీ ఒక్కడే. ఆ బిల్డింగు పై అంతస్తులో ఒక ఇంగ్లండు ఇంజనీరు ఒంటరిగా ఉండేవాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఆయన పేరుకు పెంచలయ్య నోరు ఇప్పటికీ తిరగదు. ఎదురుగా సార్ అనేవాడు, వెనక దొర అనేవాడు.

పనిలో చేరిన మొదటి శుక్రవారం పెంచలయ్య ట్యాంకు చూడటానికి మిద్దె ఎక్కాడు. మధ్యాహ్నం, సిమెంటు మీద కాలు పెడితే అట్టు కాలినట్టు కాలుతోంది. అక్కడ దొర చెడ్డీ ఒక్కటే వేసుకుని మడత మంచం మీద కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. ఒళ్లు ఎర్రగా ఉంది, కదలిక లేదు. మన ఎండల్లో పెరిగినవాడికి అలాంటి మనిషిని చూస్తే ఏమనిపిస్తుంది? వడదెబ్బ తగిలి పడిపోయాడనే. పెంచలయ్య ఇంకేం ఆలోచించకుండా బకెట్టెడు నీళ్లు తెచ్చి దొర నెత్తిన కుమ్మరించాడు.

దొర లేచి ఇంగ్లీషులో ఏమేం తిట్టాడో పెంచలయ్యకు అర్థం కాలేదట. కాకపోవడమే మంచిదైంది అంటాడు. తర్వాత దొరే నవ్వడం మొదలుపెట్టాడు. అలా కుదిరింది స్నేహం.

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం దొర ఎండలో పడుకునేవాడు, పెంచలయ్య ఒక ఎర్రగడ్డ పట్టుకుని మిద్దె ఎక్కేవాడు. మన దగ్గర ఎండలో పోయేవాళ్లు వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిపాయ వేసుకుంటారు కదా. దొర చెడ్డీకి జేబు లేదు. అందుకని దాన్ని మంచం పట్టె మీద, దొర చెవి దగ్గర పెట్టి దిగిపోయేవాడు.

దొర ముక్కు మీద ఒక గుంట ఉండేది. చర్మం మీద చెడ్డ కాయ లేస్తే డాక్టరు కోసి తీశాడట. ఇంకెప్పుడూ ఎండలోకి పోవద్దని గట్టిగా చెప్పాడట. ఆ సంగతి తెలిసిన రోజు పెంచలయ్యకు నిజంగా కోపం వచ్చింది. వచ్చీరాని హిందీలో, అంతకంటే రాని ఇంగ్లీషులో, నీకు బుద్ధి లేదా సార్, ముక్కు పోయినాక మూతి కూడా పోవాలా అని అడిగేశాడు. దొర పెంచలయ్య వేళ్ల మధ్య వెలుగుతున్న సిగరెట్టు వైపు చూశాడు, అంతే. పెంచలయ్య దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

ఆగస్టులో ఒక పొద్దున సల్వా రోడ్ల మీదికి ట్యాంకులు వచ్చాయి. రోజులు గడిచే కొద్దీ బిల్డింగు ఖాళీ అయింది. ఒకరు సౌదీ వైపు, ఒకరు జోర్డాన్ వైపు, కార్ల మీద పరుపులు కట్టుకుని వెళ్లిపోయారు. ఈలోపు సైన్యం తెల్లవాళ్లను పట్టుకోవడం మొదలుపెట్టింది. అమెరికా వాళ్లు, ఇంగ్లండు వాళ్లు తమంతట తామే వచ్చి లొంగిపోవాలని, వాళ్లను ఎవరైనా ఇంట్లో దాచితే ఉరి తీస్తామని చెప్పారు.

పెంచలయ్య చేసిన మొదటి పని దొర ఫ్లాటు తలుపు మీద పేరు ఊడబీకడం. రెండోది, దొరను లోపల పెట్టి బయట పెద్ద తాళం వేయడం. ఖాళీ ఇల్లు అనిపించాలి కాబట్టి లోపల లైటు వేయకూడదు, ఏసీ ఆడకూడదు. కిటికీలకు లోపలి నుంచి దుప్పట్లు కొట్టేశాడు. కువైట్ ఆగస్టు, మూసిన గది, ఏసీ లేదు. ఒక్కసారి ఊహించుకోండి. సరిగ్గా ఆ బిల్డింగు ముందు నాలుగు రోడ్ల దగ్గరే సైనికుల చెక్‌పోస్టు. వాళ్లకు నీళ్లు కావాలన్నా, టీ కావాలన్నా కింద గదిలో ఉండే పెంచలయ్యే దిక్కు.

తిండికి లోటు లేదు. రాయచోటి మాబు అని, పెంచలయ్య నేస్తం ఒకడు అర్దియాలో రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. రొట్టెలు కావాలి కాబట్టి సైనికులు వాణ్ణి ఆపేవాళ్లు కాదు. సైకిల్ మీద రొట్టెలు తెచ్చి పడేసి, ఒక్కడివే ఇన్ని ఎట్ల తింటాండావన్నా అని అడిగేవాడు. అడిగేది ఎగతాళికే. దొర సంగతి వాడికి తెలుసు.

సెప్టెంబరు పోయేసరికి దొర తినడం మానేశాడు. రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉండేది. మాటలు ఆగిపోయాయి. గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఎంత పిలిచినా ఇటు తిరిగేవాడు కాదు. ముఖం నానబెట్టిన పిండిలా అయిపోయింది. మనిషి ఇక ఎన్నాళ్లో ఉండడని పెంచలయ్యకు తెలిసిపోతోంది. పశువైతే ఇలా మేత మానేస్తే రెండు రోజులు చూస్తాం, మూడో రోజు పశువుల డాక్టరును పిలుస్తాం, ఇక్కడ ఎవర్ని పిలవాలి అంటాడు ఆయన. ఒక రోజు భుజం పట్టి కుదిపి, ఏం కావాలో చెప్పు సార్, కువైట్ అంతా తిరిగైనా తెస్తానని అడిగాడు.

దొర ఒకటే మాట అన్నాడు. ఎండ.

తర్వాత మెల్లగా, పనిలో మనవాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో, ఇంకొన్ని మాటలు వచ్చాయి. దొరది బొగ్గు గనుల ఊరట. వాళ్ల నాన్న చలికాలంలో పొద్దు పొడవక ముందే గనిలోకి దిగేవాడట, పొద్దు కూకాక పైకి వచ్చేవాడట. ఆదివారం మబ్బు విడిచి ఎండ వస్తే ఊరు ఊరంతా పని మాని గడ్డి మీద పడుకునేదట, వాళ్ల నాన్న చొక్కా విప్పేసి పిల్లల్ని పొట్ట మీద కూర్చోబెట్టుకునేవాడట. నాన్న అంత నెమ్మదిగా ఉండగా తను చూసింది ఆ ఎండలోనేనట. ఇది విన్నాక మొదటిసారి పెంచలయ్యకు ఆ శుక్రవారాలు పిచ్చిగా అనిపించలేదు.

కానీ మిద్దె ఎక్కడమెలా? అప్పటికే మిద్దెల మీద మనిషి కనిపిస్తే కాల్చిన సంగతులు వింటూనే ఉన్నారు.

ఇక్కడే మా పెంచలయ్య బుర్ర చూడండి. హారిస్ మిద్దె మీద దుప్పట్లు ఉతికి ఆరేయడం కొత్త సంగతేం కాదు. సైనికులు రోజూ చూసేదే. ట్యాంకు పక్కన నాలుగు వైపులా తాళ్లు కట్టి, దుప్పట్లు వేలాడదీస్తే? పైన ఆకాశం తప్ప ఏ వైపూ కనిపించని గది అవుతుంది. మధ్యలో మంచం వేస్తే సరి. అయితే ఉన్న దుప్పట్లన్నీ పలుచన, లోపల మనిషి నీడ తెలుస్తోంది. అప్పుడు కింద తన గదిలో మంచం కింది పెట్టెలోంచి పులి దుప్పట్లు తీశాడు. గల్ఫ్ నుంచి ఊరికి పోయేవాళ్లు మోసుకుపోతారే, మందంగా, మెత్తగా, మధ్యలో ఇంత పులి బొమ్మతో, అవి. అక్కకొకటి, చెల్లెలికొకటి, అత్తగారికొకటి కొని దాచుకున్నాడు. వాటిని రోడ్డు వైపుకు వేలాడదీశాడు. ఎంత గట్టి గోడ అయిందో అని అప్పుడు మురిసిపోయాడట.

దొరను చేయి పట్టుకుని పైకి తెచ్చాడు. ఎండ ముఖాన పడగానే ఆయన నవ్వలేదు, ఏడవలేదు. పంపు కింద తల పెట్టినట్టు తల ఎత్తి అలాగే నిలబడిపోయాడు. అప్పుడు పెంచలయ్యకు ఇంకో ఆలోచన వచ్చింది. దొర పూసుకునే మందు సీసా ఎప్పుడో అయిపోయింది. మనకు చిన్నప్పుడు ఒళ్లంతా నూనె రుద్ది, అది ఇంకేదాకా ఎండలో నిలబెట్టేవాళ్లు కదా, అదే పూస్తే పోలేదా అనుకున్నాడు. వంటకు వాడే శెనక్కాయ నూనె తెచ్చి, దొరను బోర్లా పడుకోబెట్టి, మెడ నుంచి మడమల దాకా పట్టించాడు. తిప్పి ముందు వైపూ పట్టించాడు. దొర వద్దని చెప్పే స్థితిలో లేడు. వెంటనే నిద్రపోయాడు.

అదే సమయానికి కింద నుంచి సైనికులు పిలిచారు. నీళ్లు పట్టించారు, టీ పెట్టించారు, మీ సినిమాల్లో ఆ హీరో ఎవరు, ఈ హీరోయిన్ ఎవరు అని కూర్చోబెట్టుకున్నారు. లేస్తే అనుమానం, లేవకపోతే పైన దొర. పెంచలయ్య వదిలించుకుని మిద్దె ఎక్కేసరికి ఎండ నడినెత్తి దాటి చాలాసేపైంది. దొర వేగిపోయాడు. వేగిపోయాడంటే నిజంగా. ఎండకు ఓర్చుకునే చర్మం కాదు, రెండు నెలలు చీకట్లో ఉన్న చర్మం, దాని మీద నూనె.

సాయంత్రానికి ఒళ్లంతా బొబ్బలు. ముఖం వాచి కళ్లు గీతలయ్యాయి. డాక్టరును పిలిచే వీలు లేదు. పెంచలయ్యకు తెలిసిన మందు పసుపు ఒక్కటే. వంటగదిలో ఉన్నదంతా నీళ్లలో కలిపి, నెత్తి నుంచి కాళ్ల దాకా పూసేశాడు. ఇంకో విచిత్రం చెప్పనా, అంత మంటలోనూ దొర రొట్టె అడిగి తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే గదిలో ఉక్కకు ఆయన తట్టుకోలేకపోతుంటే, చల్లగాలికి మళ్లీ పైకి తెచ్చి దుప్పట్ల మధ్య పడుకోబెట్టాడు. తను కిందికి దిగాడో లేదో, ఒక కుర్ర సైనికుడు ఎదురొచ్చాడు. చలికాలం వస్తోంది, మాకు కప్పుకోవడానికేం లేదు, మీ మిద్దె మీద పులి దుప్పటి బాగుంది, తీసుకుంటా అన్నాడు. నేను తెచ్చిస్తా ఉండు అని పెంచలయ్య అంటూనే ఉన్నాడు, వాడు రెండేసి మెట్లు ఎక్కేస్తున్నాడు.

"నా జన్మలో అంత మంచి దుప్పట్లు కొన్నందుకు నన్ను నేనే తిట్టుకున్న్యా" అన్నాడు పెంచలయ్య నాతో.

సైనికుడు మిద్దె ఎక్కాడు. పులి మెడ దగ్గర పట్టుకుని దుప్పటి లాగాడు. ఎదురుగా మంచం మీద ఒక ఆకారం. ఒళ్లంతా పచ్చగా, పచ్చ పగిలిన చోటల్లా ఎర్రగా, బొబ్బలు బొబ్బలుగా, కళ్లు లేని ముఖం. అది ఇంగ్లండు మనిషో, ఇండియా మనిషో, అసలు మనిషో కాదో చెప్పే వీలు లేదు. వెనక నిలబడ్డ పెంచలయ్యకు ఏ అబద్ధమూ తోచలేదు. తన ఊరి దారి ఒక్కటే కళ్లముందు కనబడిందట.

"జుదరీ" అన్నాడు సైనికుడు. మన దగ్గర అమ్మవారు పోసిందని అంటామే, అరబ్బీలో దానికి ఆ మాట. దుప్పటి వదిలేసి, చేతులు గోడకు రుద్దుకుంటూ, ఎక్కిన దానికంటే వేగంగా దిగిపోయాడు. రోడ్డు మీదికి పోయి మిగతావాళ్లతో అరుస్తుంటే పైకి వినిపించింది. ఆ రోజు నుంచి సైనికులు ఆ బిల్డింగు నీళ్లు కూడా ముట్టలేదు. టీకి పక్క వీధికి పోయేవాళ్లు.

నేను ఇక్కడ చప్పట్లు కొట్టేశాను. కథ అయిపోయిందనుకున్నాను. పెంచలయ్య చేయి ఎత్తి ఆపాడు. అసలు సంగతి తర్వాతే ఉంది.

పెంచలయ్య భయపడిపోయాడు. దుప్పట్లన్నీ తీసేసి, మిద్దె తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దొరకు బొబ్బలు ఆరాయి, పాము కుబుసం విడిచినట్టు తోలు ఊడింది, కింద మళ్లీ తెల్లటి చర్మం వచ్చింది. ఇప్పుడు ఎవరు చూసినా దొర దొరే. ఆ ముక్కు డాక్టరు చెప్పిన మాటలు కూడా పెంచలయ్యను తినేస్తున్నాయి. ఇలా కాలిన చర్మం మీదే ఆ చెడ్డ కాయలు లేస్తాయని దొరే ఒకప్పుడు చెప్పాడు. ఇక జన్మలో ఈయన్ని ఎండకు చూపించను అనుకున్నాడు.

దొర మళ్లీ గోడ వైపు తిరిగాడు. మళ్లీ రొట్టెలు పెట్టినవి పెట్టినట్టే.

అలాంటప్పుడు మాబు వచ్చాడు. మన వాళ్లను జోర్డాన్ దాకా తీసుకెళ్లే బస్సుల్లో ఆఖరిది ఆ రోజే పోతుందట. వాడు సంచి సర్దుకునే వచ్చాడు. పెంచలయ్య మెట్ల మీద కూర్చుని కదలకపోయేసరికి వాడికి ఒళ్లు మండింది.

"ఆయప్ప ఎండ కోసం సస్తానంటాడు. నువ్వు ఆయప్ప కోసం సస్తానంటావు. మీ ఇద్దర్లో యెవురికి పిచ్చి ముదిరిందో నాకు తెలీడంల్యా పెంచలన్నా. నీ పెండ్లాంకు పోయి నేనేం చెప్పాల? ఆయప్పను ఎండబెడతాండాడని చెప్పాల్నా?"

పెంచలయ్యకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఉండు, ఆయనకు ఒక మాట చెప్పి వస్తానని పైకి వెళ్లాడు. దొరకు అంతా వినబడింది. భాష రాకపోయినా బస్సు అన్న మాట అందరికీ తెలుసు. వెళ్లిపో అన్నాడు. ఉన్నన్ని రోజులు చూశావు, చాలన్నాడు. పోయే ముందు మిద్దె తలుపు మాత్రం తీసి పో అన్నాడు.

పెంచలయ్య తనకొచ్చిన హిందీ అంతా కూడదీసుకుని చెప్పాడు. చర్మం పోతుంది సార్, వాళ్ల కంట పడితే ప్రాణమూ పోతుంది.

"రెండూ తెలుసు పెంచల్" అన్నాడు దొర. "ఈ గదిలో ఉంటే చర్మం ఒక్కటే బాగుంటుంది."

పెంచలయ్య కిందికి వచ్చి సిగరెట్టు వెలిగించాడు. అది కాల్చుకుంటూ ఉండగా మాబు చాలాసేపు చూశాడు. తర్వాత సైకిల్ కూడా అక్కడే వదిలేసి, సంచి నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపులో ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడట. అది దండమో తిట్టో తెలియలేదంటాడు పెంచలయ్య.

మిద్దె తలుపు తెరిచాడు. ఈసారి పులులు లేవు, ఎవడూ ఆశపడని పాత గోతాలు, చిరిగిన పరదాలు కట్టాడు. నూనె లేదు. పొద్దుటి ఎండ మాత్రమే, అదీ ట్యాంకు నీడ మంచం మీదికి వచ్చేదాకానే, చొక్కా విప్పకూడదని ఒప్పందం. దొర ప్రతిరోజూ చొక్కా విప్పాడు. పెంచలయ్య ప్రతిరోజూ తిట్టాడు. రోడ్డు మీద బూట్ల చప్పుడు వినబడితే ఇద్దరూ ఊపిరి బిగబట్టి పడుకునేవాళ్లు. దొర రొట్టె తిన్నాడు, మాట్లాడాడు, పెంచలయ్యకు ఇంగ్లీషు నేర్పాడు, అందులో సగం తిట్లే. డిసెంబరులో తెల్లవాళ్లను వదిలేశారు. దొర తన కాళ్ల మీద తను నడిచి, ఆ చెక్‌పోస్టు ముందు నుంచే వెళ్లాడు.

యుద్ధం అయిపోయిన తర్వాత దొర ఒకసారి తిరిగొచ్చాడు. పెంచలయ్యను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఉక్కగా ఉందని చొక్కా విప్పితే వీపు మీద రెండు చోట్ల కొత్త కుట్లు కనిపించాయి. మళ్లీ అవే కాయలట, మళ్లీ కోశారట. దొర ఆ మాట చాలా మామూలుగా చెప్పి, టీ అడిగాడు.

"ఆ కుట్లు ఆయన శుక్రవారాలవా, నా శెనక్కాయ నూనెవా? అడగల్యాకపోయినా నేను" అన్నాడు పెంచలయ్య. "తెల్సుకోని మాత్రం ఏం చేస్తా? ఆ పొద్దు తలుపు తీయకపోతే కుట్లు వేయనీకె మనిషే ఉండడు. తీసినందుకు ఇవి. నువ్వు సదువుకున్నేదానివి గదమ్మా, నువ్వైతే ఏం చేసిందువు?"

ఆయన ప్రశ్నను నేను రెండు వారాలుగా అడుగుతూనే ఉన్నాను, మా హాస్టల్లో, బస్సులో, ఇంట్లో. తీసేవాళ్లం అన్నవాళ్లు ఉన్నారు. మాబుతో పాటు బస్సెక్కేవాళ్లం అని నిజం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. వీధిలో ఆఖరి బస్సు, గదిలో గోడ వైపు తిరిగిన మనిషి, తాళంచెవి మీ మొలలో. మీరైతే ఏం చేసేవాళ్లు?